టీకా చిట్టాలో ఇంటి గుట్టు



ఈరోజు నేను మీతో మాట్లాడదలచుకున్న విషయం వినడానికి చిన్నదిగానే ఉంటుంది. మీ ఇంట్లో కుక్కో, పిల్లో ఉంది. దానికి రేబిస్ రాకుండా, అంటే మనం పిచ్చికుక్క వ్యాధి అనుకునే జబ్బు రాకుండా టీకా వేయించారు. టీకా వేసినవారు ఒక చిట్టాలో వివరాలు రాసుకున్నారు. కుక్క రంగు, వయసు, ఆడో మగో రాశారు. దాని పక్కనే మీ పేరు, మీ ఖోలీ నంబరు, మీ ఫోను నంబరు కూడా రాశారు. మీచేత సంతకం పెట్టించుకున్నారు. మీరు కుక్కను తీసుకుని ఇంటికి వచ్చేశారు. చిట్టా మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆ చిట్టాను ఎవరు చూడవచ్చు? అందులోని మీ వివరాలు ఎంతదూరం వెళ్లవచ్చు, ఎక్కడ ఆగిపోవాలి? ఇదే ఈనాటి ప్రసంగ విషయం.

కుక్కకు వేసే సూదికి ఇంత ఆలోచన కావాలా అని మీరు అనుకోవచ్చు. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట ఒక కుక్క నడిచింది. స్వర్గద్వారం దగ్గర ఇంద్రుడు దాన్ని వదిలి రమ్మన్నాడే గాని, చిరునామా రాసి సంతకం పెట్టమనలేదు. మన రోజులు వేరు. గ్యాస్ ఏజెన్సీకి వెళ్లినా, రేషన్ దుకాణానికి వెళ్లినా, బడికి వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా పేరూ ఫోను నంబరూ ఇవ్వనిదే పని జరగదు. పశువైద్యశాల కూడా ఆ వరసలోనిదే. ఒక్కొక్క చోట మనం ఇచ్చేది కొంచెమే. అన్నీ ఒకచోట చేరితే మన ఇల్లంతా కాగితం మీదికి ఎక్కుతుంది.

ముందుగా ఒక సంగతి చెప్పుకోవాలి. టీకా చిట్టా ఉండి తీరాలి. దాన్ని వద్దనడం ఈ ప్రసంగం ఉద్దేశం కానే కాదు. రేబిస్ లక్షణాలు ఒకసారి పైకి కనిపించాక మనిషిగాని, జంతువుగాని బతకడం దాదాపు అసాధ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మనుషులకు సోకే రేబిస్‌లో నూటికి 99 వంతుల వరకు కుక్కల వల్లనే వస్తుంది. మన దేశంలో 2024 సంవత్సరంలో నమోదైన కుక్కకాట్లే 37 లక్షలు దాటాయని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది. అయినా ఇది ఆపగలిగిన జబ్బు. 1885 జూలైలో పారిస్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన ఒక తొమ్మిదేళ్ల బాలుడికి టీకాలు వేసి బతికించినప్పటి నుంచీ దీనికి మందు మన చేతిలో ఉంది. కుక్క నుంచి వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలని 2021 సెప్టెంబరు 28న మన ప్రభుత్వం జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసింది. అందులో ముఖ్యమైన పని కుక్కలకు టీకాలు వేయడం. ఎన్నింటికి వేశామో తెలియాలంటే లెక్క కావాలి. లెక్క కావాలంటే చిట్టా కావాలి.

చిట్టా వల్ల మరొక ప్రయోజనం కూడా ఉంది. గల్లీలో ఒక పిల్లవాణ్ణి కుక్క కరిచిందనుకోండి. మొదట చేయవలసింది గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలపాటు కడగడం. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి సూదిమందు మొదలుపెట్టించడం. ఇందులో ఆలస్యం పనికిరాదు. కుక్క సంగతి తేలిన తర్వాత చూద్దామని కూర్చోకూడదు. ఆ పని జరుగుతుండగానే మరోవైపు కుక్కను పది రోజులు కనిపెట్టి చూడాలి. కరిచే నాటికి దాని లాలాజలంలో రేబిస్ క్రిములు ఉంటే, ఆ పది రోజుల లోపల అది జబ్బుపడి చనిపోతుంది. ఆరోగ్యంగా ఉంటే వైద్యుడు చికిత్సను ఎలా కొనసాగించాలో నిర్ణయిస్తాడు. ఆ కుక్క ఎవరిది, దానికి టీకా ఎప్పుడు వేశారు అన్న ప్రశ్నకు ఆ గంటలో జవాబు దొరకాలి. ఆ జవాబు చిట్టాలోనే ఉంటుంది.

ఇంత మేలు చేసే చిట్టాతో చిక్కు ఏమిటి? చిట్టాలోని వివరాలన్నీ ఒక్క తీరువి కావు. జాగ్రత్తగా చూస్తే అందులో మూడు భాగాలు కనిపిస్తాయి. మొదటిది జంతువు వివరం, అంటే జాతి, రంగు, వయసు, గుర్తులు. రెండోది మందు వివరం, అంటే టీకా పేరు, బ్యాచి నంబరు, వేసిన తేదీ, మళ్లీ వేయవలసిన తేదీ. మూడోది మనిషి వివరం, అంటే పేరు, ఇల్లు, ఫోను, సంతకం. మొదటి రెండు భాగాలూ పదిమందికి తెలిసినా నష్టం లేదు. తెలియడమే మంచిది. మూడో భాగం సంగతి వేరు. అది మీరు ఒక్క పని కోసం ఇచ్చినది. రేపు కుక్క ఎవరినైనా కరిస్తే మిమ్మల్ని పిలవడానికి, వచ్చే ఏడాది టీకా తేదీ గుర్తుచేయడానికి ఇచ్చినది. ఆ పనికి మించి దాన్ని వాడుకునే హక్కు చిట్టా రాసినవారికి లేదు.

బడిపంతుళ్లకు ఈ తేడా బాగా తెలుసు. ప్రతి ఉదయం తరగతిలో నల్లబల్ల మూలన రెండు అంకెలు రాస్తాం. పట్టికలో ఉన్నవారు 42, హాజరైనవారు 38. ఆ అంకెలు ఎవరైనా చూడవచ్చు. తనిఖీకి వచ్చిన అధికారి చూస్తాడు, పిల్లల తల్లిదండ్రులు చూస్తారు, దారిన పోయేవాడు కిటికీలోంచి చూసినా ఇబ్బంది లేదు. ప్రవేశ రిజిస్టరు మాత్రం బీరువాలో ఉంటుంది. అందులో పిల్లవాడి కులం, పుట్టిన తేదీ, తండ్రి పని, ఇంటి చిరునామా ఉంటాయి. దాన్ని గోడకు వేలాడదీయం. లెక్క బల్లమీద, పేరు బీరువాలో. టీకా చిట్టాకు వర్తించవలసిన సూత్రం కూడా ఇదే.

ఇప్పుడు మన కాశేలి సంగతికి వద్దాం. ఠాణే నుంచి భివండి వెళ్లే దారిలో ఖాడీ వంతెన దాటగానే వచ్చే ఊరు ఇది. చుట్టుపక్కల గోదాములు, లోపలికి వెళ్తే సాంచాలు, చాళ్లు, ఇప్పుడిప్పుడు లేస్తున్న అంతస్తుల భవనాలు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి సాంచాల పనికి వచ్చిన మనవాళ్లు భివండి ప్రాంతంలో తరతరాలుగా ఉన్నారు. చాలామందివి కిరాయి ఖోలీలు. ఖోలీకి డిపాజిట్ కట్టి, పదకొండు నెలల కాగితం రాయించుకుని ఉండేవారే ఎక్కువ. ఇలాంటి చోట ఒక మనిషి ఇంటి నంబరు, ఫోను నంబరు, అతని దగ్గర కుక్క ఉందన్న సంగతి ఒకే కాగితం మీద ఉంటే, ఆ కాగితానికి బరువు వస్తుంది.

ఎలాగంటారా? ఖోలీ యజమానికి కుక్కలంటే గిట్టదు. టీకా శిబిరం జాబితా అతని కంట పడింది. మరునాడే ఖాళీ చేయమంటాడు. భవనంలో ఇద్దరు పొరుగువారికి నీళ్ల దగ్గర తగవు వచ్చింది. ఒకరి కుక్క సర్టిఫికెట్టు సొసైటీ వాట్సాప్ బృందంలోకి ఎక్కింది. అందులో ఆమె ఫోను నంబరు ఉంది. ఒంటరిగా ఉండే ఆడమనిషి నంబరు రెండు వందలమంది చేతిలో పడింది. ఖరీదైన జాతికుక్క ఏ ఇంట్లో ఉందో తెలిస్తే దొంగకు పని సులువవుతుంది. ఇవేవీ జరగనప్పుడు కూడా, కుక్కల బిస్కట్లు అమ్మేవారు, బీమా అమ్మేవారు వేళాపాళా లేకుండా ఫోను చేస్తారు. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు పెద్దలు. లంకలో గుట్టు విప్పింది ఇంటివాడే. టీకా చిట్టా విషయంలో గుట్టు బయటపెట్టేది చాలాసార్లు అజాగ్రత్త.

ఇందులో అందరూ గమనించవలసిన ప్రమాదం మరొకటి ఉంది. ఇలాంటిది ఒక్కటి జరిగిందని తెలిస్తే చాలు, వచ్చే ఏడాది శిబిరానికి చాల్లోంచి సగంమంది రారు. వచ్చినా తప్పుడు పేరు, తప్పుడు నంబరు ఇస్తారు. కుక్కల్లో రేబిస్ గొలుసు తెగాలంటే ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం నూటికి 70 వంతులకు టీకా పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఒక్కరి చిరునామా బయటపడినందువల్ల ముప్పై ఇళ్లవారు భయపడి కుక్కలను దాచుకుంటే ఆ 70 ఎక్కడ కుదురుతుంది? అప్పుడు నష్టపోయేది కుక్కను పెంచుకున్నవారు మాత్రమే అనుకోకండి. గల్లీలో ఆడుకునే ప్రతి పిల్లవాడూ నష్టపోతాడు. అందుకే యజమాని వివరాల గోప్యత అన్నది ఊరి ఆరోగ్యానికి సంబంధించిన విషయం.

కాశేలి వంటి చోట ఇంకో చిక్కు కూడా ఉంది. ఇక్కడ చాలా కుక్కలకు ఒక ఇల్లంటూ లేదు. గోదాము కాపలాదారు అన్నం పెడతాడు. రాత్రి పాళీ దిగి వచ్చే కార్మికుడు చాయ్ దుకాణం దగ్గర పావు రొట్టె వేస్తాడు. కుక్క గల్లీది. శిబిరం పెట్టినప్పుడు అలవాటున్న మనిషి గనుక అతనే దాన్ని పట్టుకొస్తాడు. ఫారం మరాఠీలో ఉంటుంది. అందులో మాలకాచే నావ్ అని ఉంటే, అంటే యజమాని పేరు అని అర్థం, అక్కడ ఇతని పేరు రాసేస్తారు. ఆ ఒక్క మాటతో గల్లీ కుక్క ఇతని కుక్క అయిపోతుంది. రేపు అది ఎవరినైనా కరిస్తే అందరూ ఇతని తలుపే తడతారు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారం, తన అధీనంలో ఉన్న జంతువు వల్ల ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జాలిపడి టీకా వేయించినవాడికి ఆ భయం పట్టుకుంటే మళ్లీ ఏ కుక్కనూ పట్టుకురాడు. 2023 మార్చిలో వెలువడిన జంతు జనన నియంత్రణ నియమాలు పెంపుడు కుక్కలను, వీధిలో ఉండే సామూహిక కుక్కలను వేరువేరుగా చూశాయి. చిట్టా కూడా అలాగే చూడాలి. గల్లీ కుక్కను తెచ్చిన మనిషి పేరు ఎదుట 'యజమాని' అని రాయకుండా, 'తీసుకువచ్చినవారు' అని రాయాలి. మీరే అటువంటివారైతే ఆ మాట అలా రాయమని అడగండి. రాసిన తర్వాతనే సంతకం పెట్టండి.

ఇక చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత ప్రతి పౌరునికీ ఉన్న ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ తర్వాత 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమాచారం సేకరించేవారి మీద పెట్టిన ముఖ్యమైన బాధ్యతలు అప్పటినుంచి 18 నెలల గడువు తర్వాత అమలులోకి వచ్చేటట్టు ఏర్పాటు చేశారు. ఈ చట్టం సారాంశం తేలిక మాటల్లో ఇది. ఏ పనికోసం వివరాలు అడుగుతున్నారో ముందే చెప్పాలి. ఆ పనికి కావలసినంతే తీసుకోవాలి. జాగ్రత్తగా కాపాడాలి. తప్పుగా రాసి ఉంటే దిద్దమని, అవసరం తీరాక తీసివేయమని అడిగే హక్కు మీకు ఉంటుంది. మన మాతృభాషకు సంబంధించిన మంచి అంశం కూడా ఇందులో ఉంది. సమ్మతి అడిగేటప్పుడు ఇచ్చే సూచనను ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోగాని చదువుకునే వీలు కల్పించాలని చట్టం చెబుతున్నది. ఆ 22 భాషలలో తెలుగు ఉంది. మహారాష్ట్రలో ఉన్నంత మాత్రాన ఆ వీలు మనకు తగ్గదు.

అయితే ఈ చట్టానికి ఒక హద్దు ఉంది. కంప్యూటర్లో, ఫోనులో ఎక్కించిన వివరాలకే ఇది వర్తిస్తుంది. కాగితం మీద రాసుకున్న వివరాలు తర్వాత కంప్యూటర్లోకి ఎక్కితే వాటికీ వర్తిస్తుంది. ఉత్తి కాగితపు రిజిస్టరుగా ఉన్నంతకాలం దాని పరిధిలోకి రాదు. మన శిబిరాల్లో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది బల్లమీద తెరిచి ఉంచిన పొడుగాటి రిజిస్టరే. వరసలో నిలబడ్డవారు తమ వంతు వచ్చేలోగా పైనున్న పది పేర్లూ చదివేస్తారు. ఎవరో సులువుగా ఉంటుందని ఫోనుతో ఫోటో తీస్తారు. ఫోటో తీసిన క్షణం నుంచి ఆ పేజీకి కాళ్లు వస్తాయి. దానికి కావలసింది చట్టంకన్నా ముందు చిన్న అలవాటు. పైపేర్ల మీద ఒక అట్టముక్క కప్పి ఉంచడం.

ఈ విషయంలో ఇతర దేశాలవారు ఏం చేశారు? అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఉంది. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరాల్లో వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. అక్కడ కుక్కలకూ పిల్లులకూ రేబిస్ టీకా తప్పనిసరి. పశువైద్యుడు సర్టిఫికెట్టు ఇస్తాడు. ఆ రాష్ట్ర ఆరోగ్య భద్రతా చట్టం ఆ సర్టిఫికెట్టులోని యజమాని పేరు, చిరునామా, ఫోను నంబరు రహస్యమని స్పష్టంగా చెప్పింది. సమాచార హక్కు కింద అడిగినా ఇవ్వరు. ప్రజల ఆరోగ్యం, భద్రత కోసం ప్రభుత్వ శాఖలకు, వారి తరఫున పనిచేసేవారికి మాత్రమే ఇస్తారు. అంతేకాదు, యజమాని సోషల్ సెక్యూరిటీ నంబరు, డ్రైవింగ్ లైసెన్సు నంబరు అసలు ఆ సర్టిఫికెట్టులో ఉండనే కూడదన్నారు. ఈ చివరి నియమం మనకు గొప్ప పాఠం. రాయని దాన్ని ఎవరూ దొంగిలించలేరు. మన దగ్గర ఎవరైనా కుక్క టీకాకు ఆధార్ జిరాక్సు అడిగితే, అది ఏ నిబంధన ప్రకారమో చూపించమని మర్యాదగా అడగండి. గుర్తింపు చూపించడం తప్పనిసరి అయితే, మొదటి ఎనిమిది అంకెలు కనబడకుండా చివరి నాలుగు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంది. దాన్ని ఇవ్వండి.

పేరుకు బదులు నంబరు వాడటం మనకు కొత్తేమీ కాదు. పురపాలక సంఘాలు కుక్కల మెడకు నంబరు బిళ్ళలు కట్టే పద్ధతి పాతదే. మహారాష్ట్రలో నగరపాలక సంస్థలకు సంబంధించిన 1949 నాటి చట్టంలో కుక్కల మీద పన్ను వేసే అధికారం కూడా ఉంది. పల్లెల్లో మీ బంధువుల ఇళ్లకు వెళ్లినప్పుడు గేదె చెవికి పసుపుపచ్చని బిళ్ళ చూసి ఉంటారు. దానిమీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. గాలికుంటు వంటి జబ్బులకు టీకాలు వేసే జాతీయ కార్యక్రమం 2019 సెప్టెంబరులో మొదలయ్యాక ఈ బిళ్ళలు దేశమంతటా వచ్చాయి. 2024 మార్చిలో ప్రారంభించిన భారత్ పశుధన్ చిట్టాలో, సుమారు 30.5 కోట్ల ఆవులు, గేదెల్లో 29.6 కోట్ల వాటికి అప్పటికే బిళ్ళలు వేశామని ప్రభుత్వం తెలిపింది. కుక్కల మెడ చర్మం కింద పెట్టే మైక్రోచిప్పు కూడా ఇలాంటిదే. బియ్యపుగింజంత ఉంటుంది. అందులో ఉండేది 15 అంకెల సంఖ్య మాత్రమే. పేరు, ఊరు వేరే చిట్టాలో ఉంటాయి. దారిన పోయేవాడు గేదె చెవి చూసి యజమాని ఫోను నంబరు చెప్పలేడు. అధికారం ఉన్న పశువైద్యుడు మాత్రం ఆ అంకె ద్వారా యజమానిని చేరుకోగలడు. చక్కని ఏర్పాటు ఇదే. బిళ్ళ అందరికీ కనిపిస్తుంది, పేరు అవసరమైనవారికే తెలుస్తుంది.

కాని అంకె వెనక ఉన్న చిట్టాకు తాళం గట్టిగా ఉండాలి. 2023 జూన్‌లో కోవిడ్ టీకాలు వేయించుకున్నవారి వివరాలు టెలిగ్రామ్‌లో దొరుకుతున్నాయని వార్తలు వచ్చినప్పుడు దేశమంతా కలవరపడింది. కోవిన్ చిట్టా నుంచి నేరుగా ఏదీ బయటికి పోలేదని ప్రభుత్వం ప్రకటించింది. అది మనుషుల టీకా. అక్కడ కలిగిన కలవరం నుంచి పశువుల టీకా చిట్టాలు రాసేవారు కూడా నేర్చుకోవాలి. చిట్టా ఎంత పెద్దదైతే దానిమీద కన్నువేసేవారు అంత ఎక్కువ.

ఇంతవరకు యజమాని పక్షాన మాట్లాడాను. రెండో పక్షం కూడా చెప్పకపోతే న్యాయం కాదు. కుక్క కరిచిన పిల్లవాడి తల్లి వచ్చి, ఆ కుక్కకు టీకా వేశారా లేదా అని అడిగితే, అది మా సొంత విషయం అని తలుపు వేయడానికి ఎవరికీ హక్కు లేదు. టీకా వేసిన తేదీ, వ్యవధి దాటిందా లేదా, పది రోజులు కుక్కను ఎక్కడ ఉంచుతారు అన్న మూడు సంగతులూ ఆమెకు తెలియాలి. ఆమెకు చికిత్స చేసే వైద్యుడికీ తెలియాలి. ఆ పిల్లవాడి ప్రాణం ముందు మన గుట్టు చిన్నది. ఆ అవసరానికి చిట్టా తెరవాలి, అవసరం తీరాక మూయాలి. 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ చట్టం జాబితాలో రేబిస్ ఉంది. దాని లక్షణాలు కనిపిస్తే దాచిపెట్టకుండా తెలియజేయడం యజమాని విధి.

అలాగే గోప్యత పేరు చెప్పి లెక్కలు దాచడం కూడా కూడదు. మీ వార్డులో, మీ పంచాయతీలో ఈ ఏడాది ఎన్ని కుక్కలకు టీకా వేశారు? ఎన్ని డోసులు కొన్నారు? ఎంత ఖర్చయింది? ఎన్ని కాట్లు నమోదయ్యాయి? ఇవి నల్లబల్ల మీద రాయవలసిన అంకెలు. సమాచార హక్కు చట్టం కింద వీటిని అడిగే హక్కు మనకు ఉంది. 2025 నవంబరులో ఆ చట్టంలో ఒక సవరణ అమలులోకి వచ్చి, వ్యక్తిగత సమాచారం ఇవ్వడంపై ఆంక్ష గట్టిపడింది. ఆ సవరణ మనుషుల పేర్లకు సంబంధించినది. టీకాల సంఖ్యకు అది అడ్డు కాదు. పేర్లు అడగకండి, అంకెలు అడగండి. జవాబు రాకపోతే గట్టిగా అడగండి.

ఇక మనం చేయగలిగిన పనులు చూద్దాం. కుక్కను పెంచుకునేవారు మూడు నెలలు దాటగానే మొదటి టీకా, తర్వాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటేటా వేయించాలి. సర్టిఫికెట్టు అసలు ప్రతి ఇంట్లో ఉంచుకోండి. సొసైటీ వారు అడిగితే చూపించండి. ప్రతి ఇవ్వవలసి వస్తే ఫోను నంబరు, సంతకం మీద కాగితం ముక్క పెట్టి జిరాక్సు తీయించండి. దానిమీద ఏ పనికోసం ఇస్తున్నారో రాయండి. అపార్ట్‌మెంట్లలో పెంపుడు జంతువులను నిషేధించే అధికారం సంఘాలకు లేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి చూపించడానికి భయపడనక్కర లేదు.

శిబిరాలు పెట్టే యువజన సంఘాలకూ, పద్మశాలి సంఘాల పెద్దలకూ, పంచాయతీ వారికీ ఒక మనవి. మీరు చేస్తున్నది పుణ్యకార్యం. రిజిస్టరులో యజమాని వివరాలకు వేరే పేజీ పెట్టండి. కుక్కకు ఒక వరుస నంబరు ఇచ్చి, ఆ నంబరే రెండు పేజీల్లోనూ రాయండి. శిబిరం ఫోటోలు పత్రికకు పంపేటప్పుడు కుక్కల ఫోటోలు పంపండి, రిజిస్టరు ఫోటో పంపకండి. శిబిరం ముగిశాక రిజిస్టరును ఎవరి సంచిలోనో వదలకుండా, బాధ్యతగల ఒక్కరి పేరు రాసి బీరువాలో పెట్టండి. మరాఠీ ఫారం చదవలేని మన పెద్దలకు ఒక విద్యార్థి పక్కన కూర్చుని తెలుగులో చెప్పినా చాలు. మన పిల్లలకు రెండు భాషలూ వచ్చు. అది వారు సంతోషంగా చేసే సేవ.

పశువైద్యశాలల వారికి కూడా ఒక మాట. ఫలానావారి కుక్కకు టీకా వేశారా అని ఎవరైనా ఫోను చేసి అడిగితే, అడుగుతున్నది ఎవరు, ఎందుకు అని తెలుసుకోండి. కాటు పడినవారైతే వెంటనే సాయపడండి. కుతూహలం కొద్దీ అడిగేవారైతే మర్యాదగా కాదనండి.

రేబిస్ మీద గెలవడానికి మందు కావాలి, మనుషుల నమ్మకం కూడా కావాలి. మందు ప్రభుత్వం ఇస్తుంది. నమ్మకం మాత్రం చిట్టా రాసే చేతి నుంచి రావాలి. తన పేరు భద్రంగా ఉంటుందని తెలిసిన మనిషి, తన కుక్కనే కాకుండా గల్లీలోని మరో రెండు కుక్కలను కూడా శిబిరానికి పట్టుకొస్తాడు. ఈ ఏడాది మీ చాల్లో శిబిరం పెట్టినప్పుడు మీరు వెళ్లండి, పొరుగువారినీ తీసుకువెళ్లండి. సంతకం పెట్టే ముందు, ఈ రిజిస్టరు ఎక్కడ ఉంచుతారండీ అని ఒక్క ప్రశ్న అడగండి.